విద్యార్థుల ప్రాణరక్షణ: అడుగుటయు, వినుటయు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



రజతోత్సవమున శుభవాక్యములు పలుకుట ఆచారము. ఇట్టి సభలో మృత్యువును గూర్చిన ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. కాని ఇరువదియైదేండ్లుగా ఈ పఠనమందిరమున కూర్చుండి చదివిన బాలబాలికలలో ఎందరో నేడు హైదరాబాదు, విశాఖపట్టణము మొదలగు నగరముల కళాశాలలలో ఉన్నారు. కొందరు సముద్రములు దాటి అమెరికా విశ్వవిద్యాలయములలో ఉన్నారు. వారి క్షేమమును గూర్చిన మాట అశుభము కానేరదు. రోగమును పేరుపెట్టి పిలువ వెరచు ఇంటికి వైద్యుడు ఆలస్యముగా వచ్చును.

భారతదేశమున 2022వ సంవత్సరములో 1,70,924 మంది ఆత్మహత్య చేసికొనిరని జాతీయ నేర గణాంక సంస్థ ప్రకటించినది. వారిలో విద్యార్థులు 13,044 మంది. భాగించి చూచినచో దినమునకు ముప్పదియైదుగురికి పైగా వచ్చుచున్నది. దినమునకు ముప్పదియైదు ఇండ్లలో పుస్తకముల సంచి ఒకటి మూలన మిగిలిపోవుచున్నది. ఆ ఇండ్లలో తరువాత వినబడు మాట ఒక్కటే: "ముందుగా తెలిసియున్న బాగుండెడిది."

ముందుగా తెలిసికొనుటకు వీలున్నదా? విద్యార్థులందరిని పరిశీలించి, ప్రాణాపాయమున ఉన్నవారిని కాలము మించకమునుపే గుర్తింపవచ్చునా? పాశ్చాత్యులు దీనిని స్క్రీనింగు అందురు. తెలుగున జల్లెడ పట్టుట అనిన చాలును. ఈ జల్లెడ ఎట్టిది, ఏది పట్టును, ఏది విడుచును అన్నదే నేటి విచారణ.

పరిశీలనము క్రొత్త మాట కావచ్చును గాని, దాని ధర్మము క్రొత్తది కాదు. శ్రీమద్రామాయణమున సుందరకాండను స్మరింపుడు. అశోకవనమున సీతాదేవి, రావణుడు విధించిన గడువును తలచుకొని, ప్రాణత్యాగమే శరణ్యమని నిశ్చయించుకొనుచున్నది. శింశుపా వృక్షముపై దాగియున్న హనుమంతుడు ఆ దుఃఖమును కనిపెట్టినాడు. కనిపెట్టిన వెంటనే క్రిందికి దుముకలేదు. ఎట్లు పలుకవలెనని ఆలోచించినాడు. పండితునివలె సంస్కృతమున పలికినచో రావణుడని భయపడునేమో. పలుకకున్నచో ఈ రాత్రియే ప్రాణములు విడుచునేమో. తుదకు సామాన్య మానవులు పలుకు భాషలో, మధురముగా, రామకథను వినిపింప నారంభించినాడు. రాజపుత్రివి ఇట్లు తలంపరాదని గద్దింపలేదు; ధైర్యము లేనిదానవని నిందింపలేదు. దుఃఖమును కనుగొనుట, భయపెట్టకుండ సమీపించుట, నమ్మకము కలుగువరకు ఓపిక పట్టుట అను మూడును ఆ ఘట్టమున కలవు. నేటి శాస్త్రము పలుమార్లు పరీక్షించి తెలిసికొన్నదియు ఇంచుమించు ఇదియే.

ఇక నేటి జల్లెడ సంగతి. విశ్వవిద్యాలయములలోను వైద్యశాలలలోను ఎక్కువగా వాడబడు ప్రశ్నావళి ఒకటి 2001వ సంవత్సరములో వెలువడినది. దానిని పి.హెచ్.క్యు.-9 అందురు. అందు ప్రశ్నలు తొమ్మిది. గడచిన రెండు వారములలో పనులయందు ఆసక్తి సన్నగిల్లినదా, దిగులు కలుగుచున్నదా, నిద్ర సరిగా పట్టుచున్నదా, అలసట, ఆకలి, తాను పనికిరానివాడనను భావము, ఏకాగ్రత మొదలగువానిని గూర్చి అడుగుదురు. తొమ్మిదవ ప్రశ్న, మరణించిన మేలను తలంపు గాని, తన్ను తాను గాయపరచుకొనవలెనను తలంపు గాని వచ్చినదా అనునది. ఒక్కొక్క ప్రశ్నకు సున్న మొదలు మూడు వరకు అంకెలు. మొత్తము ఇరువదియేడు. పది గాని అంతకు మించి గాని వచ్చినచో నిపుణుడు కూర్చుండి విచారింపవలెనని నియమము. తొమ్మిదవ ప్రశ్నకు సున్న గాక వేరే జవాబు వచ్చినచో, మొత్తము ఎంతయైనను విచారింపవలసినదే.

ఇట్లడుగుట నిప్పుతో చెలగాటము కాదా, లేని తలంపును పుట్టించినట్లు కాదా అని పెద్దలు సందేహింతురు. ఈ సందేహము సహజమైనది, గౌరవింపదగినది. దానిని పరీక్షించి చూచినవారున్నారు. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమునందలి ఆరు ఉన్నత పాఠశాలలలో 2,342 మంది విద్యార్థులను రెండు భాగములుగా చేసి, ఒక భాగమువారిని ఆత్మహత్యాలోచనలను గూర్చి అడిగిరి. రెండవ భాగమువారిని అడుగలేదు. 2005వ సంవత్సరమున ఫలితములు ప్రకటింపబడినవి. అడుగబడినవారిలో కలత గాని, అట్టి ఆలోచనలు గాని అధికము కాలేదు. అంతకుమునుపే దుఃఖములో ఉన్నవారికి సయితము అడుగుటవలన హాని కనబడలేదు. అడుగుటవలన తలంపు పుట్టదు. ఉన్న తలంపు బయటికి వచ్చుటకు దారి ఏర్పడును.

అయినచో అందరిని అడిగి, జవాబులు కూడి, ప్రమాదమున ఉన్నవారి పట్టిక వ్రాసికొన్న చాలదా? ఇక్కడ లెక్క అడ్డు వచ్చుచున్నది. లెక్క తెలిసినవారు ఓపికతో గమనింపవలెను.

అమెరికా మధ్యపశ్చిమ ప్రాంతమున పన్నెండు విశ్వవిద్యాలయ ప్రాంగణములను 1980 మొదలు 1990 వరకు పరిశీలించిన వారొక లెక్క కట్టిరి. ఆ కాలమున 261 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరి. ఏటికి లక్షమందికి ఏడున్నర అన్నమాట. దేశమున ఆ యీడు జనులలో ఉన్నదానిలో ఇది సగము. ఇప్పుడు నలువదివేల మంది చదువు విశ్వవిద్యాలయము నొకదానిని ఊహింపుడు. ఈ లెక్కన ఏడాదికి ముగ్గురు. ఆ ముగ్గురిని తప్పక పట్టు జల్లెడ ఒకటి దొరికినదనుకొనుడు. అది మిగిలినవారిలో పదింట ఒకనిని పొరపాటున పట్టుననుకొనుడు. మనసును కొలుచు సాధనములలో అంతటి మేలిమి జల్లెడ దొరకుట దుర్లభమే. అయినను పట్టికలో సుమారు నాలుగువేల పేర్లు చేరును. అందు ఆ ముగ్గురెవరో తెలియదు. జల్లెడ కన్నులు బిగించినచో పట్టిక చిన్నదగును గాని, ఆ ముగ్గురిలో ఎవరో జారిపోవుదురు.

ఇది ఊహామాత్రము కాదు. ఏబదియేండ్ల పరిశోధనలను, అనగా 365 అధ్యయనములను, ఒక్కచోట చేర్చి 2017వ సంవత్సరములో పండితులు పరిశీలించిరి. ఏ లక్షణముచేతనైనను ఫలానావాడు ఆత్మహత్యకు పాల్పడునని ముందుగా చెప్పగల శక్తి, బొమ్మా బొరుసా వేసి చెప్పుటకంటె అంతగా మేలుగా లేదని తేలినది. ఏబదియేండ్లలో ఆ శక్తి వృద్ధి పొందినదియు లేదు.

అట్లయిన జల్లెడ వృథాయని పారవేయవలెనా? కాదు. దానిచేత చేయింపదగిన పని వేరు. ఎవడు మరణించునో చెప్పుమని దానిని అడుగరాదు. ఎవరు బాధపడుచున్నారో చెప్పుమని అడుగవలెను. పట్టికలోని నాలుగువేల మందిలో మరణించువారు ముగ్గురే కావచ్చును. కాని నిద్రపట్టక, అన్నము సహింపక, పుస్తకము తెరచి గంటలకొలది ఒకే పుట చూచుచు కూర్చుండువారు అందు వందలకొలది ఉందురు. వారికి చేయూత నిచ్చుట తప్పులెక్క అనిపించుకొనునా? అందరికి చేయి అందించుచు పోయినచో, ఆ ముగ్గురిలో ఎవరికో ఆ చేయి తగులును.

అట్లు చేయి అందించిన పద్ధతి యొకటి చెప్పుకోదగినది. అట్లాంటా నగరమందలి ఎమరీ విశ్వవిద్యాలయమునను, మరియొక విశ్వవిద్యాలయమునను 2002 మొదలు మూడేండ్లు ఒక ప్రయత్నము జరిగెను. విద్యార్థులకు ఇ-మెయిలు ద్వారా ప్రశ్నావళిని పంపిరి. పేరు చెప్పనక్కరలేదు, మారుపేరు చాలును. జవాబు వచ్చిన పిమ్మట నిపుణుడైన సలహాదారు దానిని స్వయముగా చదివి, ఆ విద్యార్థి వ్రాసిన సంగతులను బట్టియే తిరిగి ఉత్తరము వ్రాయును. విద్యార్థికి ఇష్టమున్నచో మారుపేరుతోనే ప్రత్యుత్తరములు నడుపవచ్చును. ధైర్యము కలిగినపుడు వచ్చి కలియవచ్చును.

ఫలితములు ఇట్లున్నవి. పిలుపు అందినవారిలో జవాబు వ్రాసినవారు నూటికి ఎనమండుగురే: 1,162 మంది. వారిలో 981 మంది అధికమైన గాని మధ్యమమైన గాని ప్రమాదమున ఉన్నవారుగా తేలిరి. వారిలో సలహాదారును ముఖాముఖి కలిసినవారు 190 మంది. చికిత్సలో ప్రవేశించినవారు 132 మంది. పైకి చూడ ఇది స్వల్పముగా తోచును. కాని అందు మరియొక లెక్క కలదు. సలహాదారుతో ఉత్తర ప్రత్యుత్తరములు నడపినవారు, నడపనివారికంటె మూడురెట్లు అధికముగా వచ్చి కలిసిరి, చికిత్స పొందిరి. ప్రశ్నావళి అందరికి ఒక్కటియే. దాని వెనుక ఒక మనిషి కూర్చుండి బదులు వ్రాసెను. ఆ బదులునకు బదులు వ్రాసినవారే ఎక్కువగా గడప దాటి వచ్చిరి.

వేరొక పద్ధతి ఇల్లినాయి విశ్వవిద్యాలయమున 1984లో ఆరంభమైనది. అక్కడ అందరిని జల్లెడ పట్టలేదు. ఆత్మహత్య చేసికొందునని పలికిన లేక ప్రయత్నించిన విద్యార్థి ఎవరైనను, నాలుగుమారులు నిపుణుని యొద్దకు వెళ్లి మాటాడి తీరవలెనని నిబంధన విధించిరి. మొదటి ఇరువదియొక్క సంవత్సరములలో ఆత్మహత్యల పాలు అంతకుముందున్నదానికంటె సుమారు 45 శాతము తగ్గినదని దానిని నడిపినవారు తెలిపిరి. ఇది ముందటి ఏండ్లకును తరువాతి ఏండ్లకును పోలిక మాత్రమే గాని, ఒక పొలములో ఎరువు వేసి ప్రక్క పొలములో వేయక చూచినట్టి పరీక్ష కాదు. నిర్బంధమునకు వెరచి బాధను దాచుకొనువారుందురని ఆక్షేపించినవారును కలరు. అయినను ఆ నిబంధనలోని ఒక గుణమును కాదనరాదు. ఆపదలో పడిన విద్యార్థిని ఇంటికి వెళ్లిపొమ్మనలేదు. నాలుగుమారులు వచ్చి కూర్చుండుమనిరి.

ఈ భేదము ప్రాణసమానమైనది. ప్రశ్నావళి ముందు కూర్చున్న విద్యార్థి మనసులో ఏమి మెదలునో ఆలోచింపుడు. దీనిని ఎవరు చదువుదురు? ఆచార్యులకు తెలియునా? నాయనకు ఫోను చేయుదురా? హాస్టలునుండి పంపివేయుదురా? రేపు ఉద్యోగమునకు పోయిన చోట ఇది బయటపడునా? ఈ ప్రశ్నలలో ఏ ఒక్కదానికి నమ్మదగిన సమాధానము లేకున్నను, అతడు తొమ్మిదవ ప్రశ్నకు ఎదురుగా సున్న వేసి లేచిపోవును. ఆ సున్నను చూచి, ఈ విద్యాలయమున అందరు క్షేమమని అధికారులు నివేదిక వ్రాసికొందురు. అడంగలులో పైరు పేరు వ్రాసినంతనే చేనికి నీరు పారదు. వినుటకు మనిషిని పెట్టక ప్రశ్నలు మాత్రము పంచిపెట్టుట అట్టిదే. అంతేకాదు, ఒకమారు నోరు తెరచి చెప్పుకొన్నపిదప ఎవరును పలుకకున్నచో, ఆ బాలుడు మరల నోరు తెరువడు.

భారతదేశమున ఈ విషయమై ఇటీవల కదలిక కలిగినది. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య పరిరక్షణ చట్టము, ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నవాడని భావించి, శిక్షింపక ఆదరింపవలెనని చెప్పినది. అంతవరకు అట్టివాడు నేరస్థుడు. ఆనాటినుండి ఆదరణకు అర్హుడు. విద్యార్థుల ఆత్మహత్యలను గూర్చి విచారించుటకు 2025 మార్చిలో సుప్రీంకోర్టు, విశ్రాంత న్యాయమూర్తి రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యబృందము నొకదానిని నియమించినది. అదే సంవత్సరము జూలై 25వ తేదీన, విశాఖపట్టణమున వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు శిక్షణ పొందుచు మరణించిన పదునేడేండ్ల బాలిక వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, దేశమంతటికి పదునైదు నిబంధనలు విధించినది. నూరుగురు గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి సంస్థయు కనీసము ఒక్క శిక్షితుడైన సలహాదారును నియమింపవలెను. మార్కులనుబట్టి విద్యార్థులను వేరువేరు తరగతులుగా విడదీయరాదు, నలుగురిలో అవమానింపరాదు. ఉపాధ్యాయులకును సిబ్బందికిని ఏటికి రెండుమారులైనను ఈ విషయమున శిక్షణ నీయవలెను. సహాయమునకు పిలువదగిన ఫోను సంఖ్యలను హాస్టళ్లలో పెద్ద అక్షరములతో వ్రాసి ఉంచవలెను.

ఒక తండ్రి న్యాయస్థానము గడప తొక్కగా ఈ నిబంధనలు వెలువడినవి. అవి కాగితముమీద నిలుచునా, గదిలో కుర్చీ వేసికొని కూర్చున్న మనిషిగా మారునా అన్నది, బిడ్డలను చేర్పించు తల్లిదండ్రులు అడుగుటపై కొంత ఆధారపడియున్నది. కళాశాలలో చేర్పించునపుడు ఫలితముల పట్టిక ఎట్లున్నదని అడుగువారు కలరు. భోజనము ఎట్లుండునని అడుగువారు కలరు. సలహాదారు గది ఎక్కడనున్నది, ఏ వేళలలో తెరచియుండును, అక్కడ చెప్పిన మాట రహస్యముగా ఉండునా అని అడుగువారు అరుదు. ఇకమీదట అడుగవలెను.

విశ్వవిద్యాలయముల సంగతి అట్లుండగా, ఇంటి సంగతి కూడ చెప్పక తప్పదు. ఆదివారము సాయంకాలము గ్రామమున ఏ ఇంట చూచినను ఫోను మ్రోగుచుండును. "ఏరా, పరీక్ష ఎట్లు వ్రాసితివి? ఎన్ని వచ్చును? ఫీజు రసీదు జాగ్రత్త చేసితివా?" అని తండ్రి. "అన్నము తిన్నావా నాయనా?" అని తల్లి. కుమారుని జవాబు నాలుగు మాటలలో ముగియును: "తిన్నాను, చదువుచున్నాను, బాగున్నాను, ఉంటాను." ఈ సంభాషణలో ప్రేమకు కొదువలేదు. కాని "బాగాలేను" అని చెప్పుటకు ఇందు సందు లేదు. రెండెకరములు తాకట్టు పెట్టి చదివించు తండ్రితో, తాను రెండు పరీక్షలు తప్పితినని ఏ నోటితో చెప్పగలడు? తండ్రి చేసిన ఋణమును తలచి కొడుకు మౌనము వహించును. కొడుకు మౌనమును చూచి అంతయు క్షేమమని తండ్రి నిద్రపోవును. ఇద్దరును ఒకరినొకరు కాపాడుచున్నామనియే అనుకొందురు.

కనుక ఇంటివారును కొంత నేర్వవలసియున్నది. గుర్తులు కొన్ని కలవు. నిద్రయందును ఆకలియందును మార్పు, స్నేహితులనుండి దూరమగుట, ప్రియమైన వస్తువులను పంచిపెట్టుట, తనవలన అందరికి భారమను మాట, ఎన్నాళ్లకోగాని చేయని ఫోను అకస్మాత్తుగా చేసి సెలవు తీసికొన్నట్లు పలుకుట. ఇవి కనబడినపుడు చుట్టుతిప్పి అడుగరాదు. "నాయనా, బ్రదుకు భారముగా తోచుచున్నదా? చనిపోవలెనను తలంపు వచ్చుచున్నదా?" అని స్పష్టముగా, మెత్తగా అడుగవలెను. అవునన్నచో ఉలికిపడరాదు; నీతిబోధ చేయరాదు; పొరుగింటి కుర్రవానితో పోల్చరాదు. మార్కులు పోయినను ఇల్లు నీదేనని చెప్పవలెను. ఆ రాత్రి ఒంటరిగా విడువరాదు. దూరమున ఉన్నచో, దగ్గరనున్న మిత్రుని గాని బంధువును గాని గదికి పంపవలెను. సెలవులకు ఇంటికి వచ్చినపుడు పురుగుమందులు తాళము వేసిన చోట ఉండవలెను. ఆపత్కాలము చాలవరకు స్వల్పకాలమే గాన, సాధనము చేతికందనిచో ప్రాణము దక్కును. తరువాత ఆలస్యము చేయక వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను.

2022 అక్టోబరు 10వ తేదీన భారతప్రభుత్వము టెలిమానస్ అను సేవను ప్రారంభించినది. 14416 అను సంఖ్యకు రాత్రింబవళ్లు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగున మాటాడవచ్చును. అమెరికాలో చదువుకొనుచున్న బిడ్డలకు అక్కడ 988 అను సంఖ్య 2022 జూలైనుండి పనిచేయుచున్నది. ఈ రెండు సంఖ్యలును ఈ గ్రంథాలయ ద్వారమునొద్ద ప్రకటన పలకపై వ్రాసియుంచుట ఈ రజతోత్సవమునకు తగిన పని.

గ్రంథాలయమునకు ఒక మంచి అలవాటు కలదు. తీసికొనిపోయిన పుస్తకము గడువు దాటినచో, చిట్టా చూచి, ఇంటికి కబురు పంపుదురు. పుస్తకము పోగొట్టుకొనరాదని అంత శ్రద్ధ. ప్రతిదినము సాయంకాలము పత్రిక చదువ వచ్చు కుర్రవాడు పది దినములు రాకున్నచో ఏ చిట్టాలో చూడవలెను? సెలవులకు వచ్చియు ఇల్లు కదలని కళాశాల విద్యార్థికి ఎవరు కబురు పంపవలెను? ఆ పనికి ప్రశ్నావళి అక్కరలేదు, విశ్వవిద్యాలయము అక్కరలేదు. పుస్తకము నెపముగా పెట్టుకొని ఒకరు వెళ్లి, అరుగుమీద అరగంట కూర్చున్న చాలును.

సుందరకాండలోనే మరియొక ఘట్టము కలదు. లంకయంతయు వెదకి, సీత కానరాక, హనుమంతుడంతటివాడు నిరాశపడినాడు. వట్టి చేతులతో మరలిపోవుటకంటె ప్రాణములు విడుచుట మేలని ఆయనకును తోచినది. మహాబలునికి సయితము ఆ తలంపు వచ్చునని ఆదికవి దాచలేదు. అందుచేత ఆయనను తక్కువ చేయలేదు. మరణమున దోషములు అనేకమని తలచి, జీవించియున్నచో మేలు జరుగునని నిశ్చయించుకొని, హనుమంతుడు తల యెత్తి చూచినాడు. అప్పుడు కనబడినది అశోకవనము. ఆయన ఇంకను వెదకని చోటు అదొక్కటియే.

నిరాశపడిన ప్రతి విద్యార్థికిని ఇంకను వెదకని తోట ఒకటి మిగిలియుండును. ఆ క్షణమున అది కంటికి ఆనదు. ప్రక్కన ఒకరు కూర్చుండి, తొందరపడక, చెప్పినదెల్ల విన్నచో, అతడు తల యెత్తి చూచును. తొమ్మిది ప్రశ్నలు చేయగలిగిన మేలు, అట్లు కూర్చుండవలసిన మనిషిని ఆ గది తలుపువరకు నడిపించుటయే. తలుపు తట్టి లోనికి పోవలసినది మనుష్యులు.

శుభమ్.